గోడలో హెచ్‌డీఎంఐ కేబుల్ పూడ్చకండి, పైపు వేయించండి

అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. మహబూబ్‌నగర్‌లో ఇల్లు కడుతున్నారు, పై హాల్లో సీలింగ్‌కి ప్రొజెక్టర్ పెడతారు, దానికి బొమ్మా శబ్దం మోసుకెళ్లేది హెచ్‌డీఎంఐ కేబుల్, వారంలో ప్లాస్టరింగ్ మొదలు, ఎలక్ట్రీషియన్ ఏమో "ముప్పావు ఇంచు పైపుల హెచ్‌డీఎంఐ ఇప్పుడే ఏసేద్దాం" అంటున్నాడు, వేయించాలా వద్దా అని. వద్దు. అసలు కేబుల్ ఇప్పుడు కొనకండి కూడా. పైపు మాత్రం వేయించండి, అది కూడా ముప్పావుది కాదు.

మాది నల్లగొండ. 2018లో ఇల్లు కట్టినప్పుడు మా ఎలక్ట్రీషియన్ "ఏం గాదు సార్, పైపెందుకు, వైరు గట్టిగనే ఉంది" అని 15 మీటర్ల రాగి కేబుల్‌ని గాడిలో పెట్టి మీద సిమెంట్ కొట్టించాడు. నేను పక్కనే ఉండి సరే అన్నా, కాబట్టి తప్పు సగం నాది. అప్పటి ప్రొజెక్టర్ 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ, నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత 4కే, అంటే బొమ్మలో దానికి నాలుగింతల చుక్కలుండే ప్రొజెక్టర్ కొన్నా, అక్కడ మొదలైంది కథ. సినిమా బాగానే నడిచేది, మెనూలోకి రాగానే తెర మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, రెండు సెకన్లు మొత్తం నలుపు, మళ్లీ బొమ్మ. ప్రొజెక్టర్ పోయిందని టెన్షన్ పడి దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని హైదరాబాద్‌లో రిపేరు వాళ్ల దాకా మోసుకెళ్లా. వాళ్లు అర మీటరు కేబుల్ పెట్టి చూపించారు, అద్దంలా ఉంది బొమ్మ.

లెక్క చూస్తే విషయం తెలిసిపోతుంది. 1080పీ సెకనుకు 60 ఫ్రేములకి దాదాపు 4.5 జీబీపీఎస్ (సెకనుకు అన్ని గిగాబిట్ల డేటా) చాలు, 4కేలో అదే 60 ఫ్రేములకి 18 దాకా కావాలి, అంటే నాలుగింతలు. సినిమాలు 24 ఫ్రేములే కాబట్టి ఆ కేబుల్ ఎలాగో లాగేసింది, మెనూ 60లో ఉండేసరికి చేతులెత్తేసింది. మామూలు రాగి కేబుల్ ఈ వేగంలో ఐదారు మీటర్లు దాటితే నమ్మలేం, డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలతో 4కే అని రాసినా సరే. రేపు ఇంకో రకం వస్తుంది, ఇప్పటికే హెచ్‌డీఎంఐ 2.1లో 48 జీబీపీఎస్ ఉంది. కేబుల్ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే, అందుకే దాన్ని గోడలో సమాధి చేయొద్దంటున్నా.

ఇక పైపు సంగతి. ముప్పావు అంటే 20 ఎంఎం, అదీ బయటి కొలత, లోపల ఇంకా తక్కువ. హెచ్‌డీఎంఐ తలకాయ ప్లాస్టిక్‌తో కలిపి దాదాపు 20 ఎంఎం వెడల్పు ఉంటుంది, దూరదు. ఒక ఇంచు పైపులో తిన్నగా వెళ్తుంది గానీ మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. 40 ఎంఎం వేయించండి, మూలల్లో ఎల్బో (ఠక్కున తిరిగే మలుపు ముక్క) వద్దు, లాంగ్ బెండ్ (మెల్లగా వంగే పొడుగు ముక్క) పెట్టమనండి, ఇదొక్కటి మాత్రం దగ్గరుండి చూసుకోండి, ఎందుకంటే షాపులో ఎల్బో దొరికితే వాళ్లు అదే బిగించేస్తారు. నాలుగించుల గోడని 40 ఎంఎం పైపు కోసం గాడి కొడితే గోడలో ఏమీ మిగలదు, తొమ్మిదించుల గోడలోనే నిలువుగా పైకి తీసుకెళ్లి, అక్కడి నుంచి ఫాల్స్ సీలింగ్ పైన స్లాబుకి క్లాంపులు కొట్టి ప్రొజెక్టర్ దాకా తీసుకెళ్లండి. లోపల నైలాన్ తాడు వేసి రెండు మూతులూ ప్లాస్టిక్ కవరు పెట్టి టేపు చుట్టండి, లేదంటే ప్లాస్టరింగ్‌లో సిమెంట్ పాలు కారి లోపల గడ్డకడుతుంది. కరెంటు వైర్లు ఇందులో వేయనివ్వకండి, ప్రొజెక్టర్ సాకెట్‌కి వేరే పైపు. వీలుంటే ఇదే పైపులో రెండు క్యాట్ సిక్స్ వైర్లు (ఇంటర్నెట్‌కి వాడే నెట్‌వర్క్ వైర్లు) కూడా లాగి పెట్టుకోండి, పూర్తి రాగివే, అల్యూమినియం మీద రాగి పూత పూసినవి వద్దు.

కేబుల్ ఇల్లు పూర్తయ్యాక కొనండి. పొడవు అంచనా వేయకండి, ఆ నైలాన్ తాడునే బయటకు లాగి (దానికి ఇంకో తాడు కట్టి లాగండి, లేకపోతే పైపు ఖాళీ అయిపోతుంది) టేపుతో కొలిచి రెండు వైపులా మీటరు చొప్పున కలపండి. మాకు అలా 11 మీటర్లు వచ్చింది, 15 కొన్నా. ఇంత దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి, లోపల గాజు పోగులు ఉంటాయి, సన్నగా ఉంటుంది, ఇంత దూరానికి సిగ్నల్ పెద్దగా తగ్గదు. కానీ మడత పడితే పోతుంది. తాడు తలకాయకి కాకుండా వెనక తొడుగుకి కట్టి, తలకాయకి టేపు చుట్టి, ఒకరు నెడుతుంటే ఇంకొకరు నెమ్మదిగా లాగాలి. పైపులో కాస్త టాల్కమ్ పౌడర్ వేస్తే జారుతుంది.

ఇంకో మాట, ఇది నా నెత్తిన పడింది కాబట్టి చెబుతున్నా. ఆప్టికల్ కేబుల్‌కి దిక్కు ఉంటుంది, ఒక తలకాయ మీద సోర్స్ అని, ఇంకోదాని మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. లప్పం, పెయింట్ అయిన గోడని మళ్లీ పగలగొట్టించి, కొత్త పైపు వేయించి, మా బావమరిదీ నేనూ గంటన్నర చెమటలు కక్కుతూ లాగాం. ఆన్ చేస్తే సిగ్నల్ లేదు. స్టూల్ ఎక్కి టార్చి వేసి చూస్తే ప్రొజెక్టర్ దగ్గర ఉన్న తలకాయ మీద సోర్స్ అని ఉంది. బావమరిది ఏమీ అనలేదు, కిందకి దిగి నీళ్లు తాగి మళ్లీ వచ్చాడు. అందుకే లాగకముందు నేల మీదే రెండు చివర్లూ ప్రొజెక్టర్‌కీ, సినిమాలు నడిపే స్ట్రీమింగ్ స్టిక్‌కీ తగిలించి, 4కే 60లో పావుగంట నడిపి చూశాకే పైపులోకి పంపండి.

ప్లాస్టరింగ్‌కి ముందు పైపు వెళ్లిన దారి పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. నేను తీయలేదు. ఇప్పటికీ ఆ గోడకి ఫ్యాను, ఫోటో, ఏది బిగించాలన్నా డ్రిల్లు పట్టుకున్నవాడు ముందు నా మొహం చూస్తాడు.