బాటమ్-అప్ వచ్చు, టాప్-డౌన్ రాదు: వేరే కోర్సు చేయాలా?

ప్రశ్న: విజయవాడలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కంప్యూటర్‌లో 3డి డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్ నేర్చుకున్నాను. పార్టులు విడివిడిగా గీసి, అసెంబ్లీలో మేట్స్ పెట్టడం (వాటిని ఒకదానికొకటి జతచేయడం) వచ్చు. మా సీనియర్‌ని ఇంటర్వ్యూలో ‘టాప్-డౌన్‌లో ఏమైనా చేశావా?’ అని అడిగారట. నాకు ఆ పేరు తప్ప ఏమీ తెలియదు. టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఫీజు కట్టి ఇంకో కోర్సులో చేరాలా?

జవాబు: ఫీజు కట్టకండి. మీరు నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌లోనే అది ఉంది. మీకు కావలసింది ఒక మంచి ప్రాజెక్టు. అది మీ ఊళ్లోనే దొరుకుతుంది.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు వెళ్లి, అడిగి ఒక పూట చూడండి. ముందు ఛాసిస్ వస్తుంది. క్యాబిన్ వెనక నుంచి ఫ్రేమ్ చివరిదాకా ఎంత పొడవుంది, వెనక చక్రాలు ఎక్కడున్నాయి అన్నవి చూశాకే క్రాస్ మెంబర్లు (ఫ్లోరు కింద అడ్డంగా వేసే దూలాలు) ఎక్కడ పడాలో తేలుతుంది. బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. ఫ్లోరు, పక్క పలకలు, వెనక డోరు అన్నీ వీటికి లోబడే వస్తాయి. ఇలా మొత్తం నుంచి భాగానికి రావడమే టాప్-డౌన్. అదే బోల్టులు, బేరింగులు అయితే మనం కొలతలు నిర్ణయించేది ఏమీ లేదు. 6205 బేరింగ్ ఏ కంపెనీది కొన్నా లోపలి వ్యాసం 25, బయటిది 52, వెడల్పు 15 మిల్లీమీటర్లే. అలాంటివి విడిగా మోడల్ చేసి తెచ్చి అమర్చుకుంటాం. అది బాటమ్-అప్. కాబట్టి మీకు వచ్చింది పాతబడిన పద్ధతేమీ కాదు. ఒకే అసెంబ్లీలో రెండూ కలిసి ఉండటం మామూలే.

ఇక ఆ లారీ బాడీనే ప్రాజెక్టుగా తీసుకోండి. ముందు ఒక ఖాళీ పార్టులో స్కెచ్‌లు, ప్లేన్‌లు (ఊహా తలాలు) మాత్రమే గీయండి: ఛాసిస్ పైతలం, క్యాబిన్ వెనక గీత, బాడీ పొడవు, వెడల్పు, క్రాస్ మెంబర్ల మధ్య దూరం. దీన్ని స్కెలిటన్ అంటారు. అసెంబ్లీలో మొదట పెట్టాల్సింది ఇదే. మిగతా పార్టులన్నీ కొలతలు దీని నుంచే తీసుకోవాలి.

కొత్తవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. పక్క పలక గీస్తూ, దగ్గర్లో ఉంది కదా అని ఫ్లోరు అంచును క్లిక్ చేసి కొలత దాని నుంచే తీసుకుంటారు. ఆ తర్వాత డోరు పలకను పట్టుకుంటుంది, ఫ్లోరు డోరును పట్టుకుంటుంది. గొలుసు చుట్టు తిరిగి మొదటికొచ్చాక ఎన్నిసార్లు రీబిల్డ్ (మార్పులతో మోడల్‌ను మళ్లీ లెక్కించే కమాండ్) కొట్టినా మోడల్ కుదురుకోదు. ఒక పార్టు డిలీట్ చేస్తే దాన్ని పట్టుకున్నవన్నీ ఎర్రర్లు చూపిస్తాయి. అందుకే ఏ పార్టూ పక్క పార్టును పట్టుకోకూడదు, స్కెలిటన్‌నే పట్టుకోవాలి. ఫీచర్ ట్రీలో (తెర పక్కన కనిపించే పార్టులు, ఫీచర్ల జాబితాలో) పేరు పక్కన చిన్న బాణం గుర్తు కనిపిస్తే ఆ పార్టు బయటి రిఫరెన్స్ మీద, అంటే వేరే ఫైల్లోని గీత లేదా అంచు మీద, ఆధారపడిందని అర్థం. ప్రతి బాణమూ ఎక్కడికి వెళ్తోందో చూసుకోండి. నట్లు, బోల్టులు, బేరింగుల మీద ఆ బాణం అసలు ఉండకూడదు. అవి రేపు ఇంకో అసెంబ్లీలో కూడా వాడేవి.

ఇలాంటి మరో డిజైన్ సాఫ్ట్‌వేర్ క్రియోలోనూ స్కెలిటన్ అనే అంటారు. ఇలాంటి పనికే ఎన్ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో వేవ్ లింకులు, కాటియాలో పబ్లికేషన్లు ఉంటాయి. ఇది చేతికొస్తే వాటికి మారడం పెద్ద కష్టం కాదు.

మోడల్ పూర్తయ్యాక స్కెలిటన్‌లో బాడీ పొడవు 300 మిల్లీమీటర్లు పెంచి రీబిల్డ్ చేయండి. ఒక్క ఎర్రర్ కూడా రాకుండా ఫ్లోరు, పలకలు వాటంతటవే సాగితే పని కుదిరినట్టే. అవకాశమిస్తే ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ తెరిచి ఇదే చేసి చూపించండి. ఏ కొలత ఎక్కడ నిర్ణయమైంది, ఎందుకు అని అడిగితే చెప్పగలగాలి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు మాత్రం అసెంబ్లీ ఒక్కటే కాపీ చేయకండి. ప్యాక్ అండ్ గో (అసెంబ్లీతో పాటు దాని పార్టుల ఫైళ్లన్నీ కాపీ చేసే కమాండ్) వాడండి, లేదంటే అక్కడ తెరిచేసరికి సగం పార్టులు కనిపించవు.