ఎనిమిది గంటలు కూర్చున్నా రెండు గంటల పనే అవుతోందా?

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ ఇంటి నుంచే డేటా అనాలిసిస్ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. పొద్దున ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సాయంత్రం దాకా లేవను, కానీ తీరా చూసుకుంటే రెండు గంటల పని కూడా అవ్వట్లేదు. ఫోన్ చేతిలోకి ఎప్పుడు వస్తోందో కూడా తెలియట్లేదు. యాప్‌లు తీసేశాను, రెండు రోజులకే మళ్లీ వేసుకున్నాను. ఏకాగ్రత లేని నాలాంటివాళ్లు ఈ రంగం వదిలేసి వేరే కోర్సులో చేరడం మంచిదా?

జవాబు: చివర అడిగినదానికే ముందు చెబుతాను. ఇప్పుడే వద్దు. రంగం మారాలా అన్నది ఆ పని మీకు నచ్చుతోందా, అందులో మీకు ఎదుగుదల కనిపిస్తోందా అని చూసి తేల్చుకోవాల్సిన విషయం. రోజంతా ఫోన్ చూశానన్న బాధలో, రాత్రి పదకొండింటికి తేల్చుకునేది కాదు. కొత్త కోర్సులో చేరినా ఈ ఫోను, ఈ అలవాటు మీతోనే వస్తాయి, అక్కడా మొదటి కష్టమైన అధ్యాయం రాగానే ఇదే కథ మొదలవుతుంది.

యాప్‌లు తీసేసి రెండు రోజులకే మళ్లీ వేసుకున్నానన్నారు కదా, అసలు సంగతి అక్కడే ఉంది. యాప్ పోయింది కానీ, మిమ్మల్ని దానివైపు నెట్టిన కారణం పోలేదు. అర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్లోరియా మార్క్ చాలా ఏళ్లుగా ఉద్యోగులు స్క్రీన్ ముందు ఎలా పనిచేస్తారో గమనిస్తున్నారు. 2004లో ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన దృష్టి ఇటీవలి కొలతల్లో 47 సెకన్లకు తగ్గింది. అంతకంటే మీకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది: బయటి నుంచి వచ్చే అంతరాయాలు ఎన్ని ఉంటాయో, ఎవరూ పిలవకుండానే మనంతట మనం పని ఆపి పక్కకు వెళ్లేవీ దాదాపు అన్నే ఉంటాయి. అంటే నోటిఫికేషన్లు అన్నీ ఆపేసినా సమస్యలో సగం మిగిలే ఉంటుంది.

అందుకే మీరు ముందు చేయాల్సింది ఫోన్‌తో యుద్ధం కాదు. పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఫోన్ తీసిన ప్రతిసారీ దానికి సరిగ్గా ముందు క్షణంలో ఏం చేస్తున్నారో రెండు మాటల్లో రాయండి. 'ఎర్రర్ వచ్చింది', 'ఏ చార్ట్ వేయాలో తెలియలేదు', 'మెసేజ్‌కి రిప్లై కోసం చూస్తున్నా', ఇలా. రెండు మూడు రోజులు చాలు. నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో చాలామంది కాగితాల మీద 'బోర్ కొట్టింది' అన్నదానికంటే 'తర్వాత ఏం చేయాలో అర్థం కాలేదు' అన్నదే ఎక్కువ కనిపిస్తుంది. పని కష్టమైన చోట, లేదా తర్వాతి అడుగు మసకగా ఉన్న చోట మనసుకు ఇబ్బందిగా ఉంటుంది, ఆ ఇబ్బంది నుంచి తప్పించుకోవడానికి చేతికి దగ్గరగా ఉన్న దారి ఫోన్. ఇది బద్ధకం కాదు, దయచేసి మిమ్మల్ని మీరు అలా తిట్టుకోకండి, ఆ తిట్లు ఆ ఇబ్బందిని ఇంకా పెంచి మళ్లీ ఫోన్ దగ్గరికే పంపిస్తాయి.

మీరు కొత్తగా పనిలో చేరినవాళ్లు కాబట్టి ఈ మసక మీకు ఎక్కువే ఉంటుంది. 'రిపోర్ట్ పూర్తి చేయాలి' అని రాసుకుని కూర్చుంటే అది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పని. దాన్ని 'మూడో టేబుల్‌లో ఖాళీ గడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఏ నెలవో చూడాలి' అని రాసుకుంటే కూర్చున్న నిమిషంలోనే చేతులు కదులుతాయి. ల్యాప్‌టాప్ తెరవక ముందే ఇలాంటి ఒక్క వాక్యం రాయండి. అది అయ్యాక తర్వాతి వాక్యం. రోజు మొత్తానికి జాబితా వేయకండి, అందులో పదిహేను ఉంటే మూడో దాని దగ్గరే నీరసం వస్తుంది.

ఇక ఎక్కడైనా ఇరుక్కుపోతే ఒక హద్దు పెట్టుకోండి: ఇరవై నిమిషాలు నిజాయితీగా ప్రయత్నించాక అడిగేయాలి. ఇంటర్న్‌లు రోజుల తరబడి పోగొట్టుకునేది ఇక్కడే, అడిగితే చిన్నచూపు చూస్తారేమోనన్న భయంతో. అడిగే తీరు బాగుంటే ఎవరూ అలా చూడరు. "ఇది చేయాలనుకున్నాను, ఈ రెండు విధాలుగా ప్రయత్నించాను, ఇక్కడ ఆగింది, మొదటి దారిలోనే వెళ్లాలా వేరేది చూడాలా" అని నాలుగు ముక్కల్లో రాస్తే ఏ టీమ్ లీడ్‌కైనా జవాబివ్వడం తేలిక. పైగా మీరు పనిలో ఉన్నారని వాళ్లకు తెలుస్తుంది. జవాబు వచ్చేలోగా చేయడానికి ఇంకో చిన్న పని ముందే అనుకుని పెట్టుకోండి, లేకపోతే ఆ ఎదురుచూపులోనే గంట గడిచిపోతుంది.

ఫోన్ సంగతి కూడా వదిలేయమనట్లేదు. 2017లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ పరిశోధకుల ప్రయోగాల్లో, ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్లకంటే వేరే గదిలో పెట్టి వచ్చినవాళ్లు ఏకాగ్రత కావాల్సిన పరీక్షల్లో బాగా చేశారు, ఎవరి ఫోన్ అయినా సైలెంట్‌లోనే ఉంది. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాలన్నింట్లో అదే ఫలితం రాలేదు, కాబట్టి దాన్ని శిలాశాసనంలా తీసుకోవద్దు. అయినా వేరే గదిలో పెట్టమనే చెబుతాను, ఎందుకంటే లేచి వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తే చాలాసార్లు సగం దారిలోనే మనకు స్పృహ వస్తుంది. ఇంట్లోవాళ్ల ఫోన్ ముఖ్యం అనుకుంటే డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, నలుగురైదుగురి కాల్స్ మాత్రమే మోగేలా సెట్ చేసి, రింగ్ వినబడేంత దూరంలో ఉంచండి.

ఇంకోటి, పని మధ్యలో వేరే పనికి దూకడం. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక పరిశోధనలో చూపించింది ఇదే: ఒక పని సగంలో వదిలి రెండోదానికి వెళితే ఆలోచనలో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుంది, రెండో పని దెబ్బతింటుంది. కాలేజీ అసైన్‌మెంట్, ఇంటర్న్‌షిప్ రెండూ ఒకే రోజు చేసే మీకు ఇది రోజూ జరుగుతుంటుంది. 2018లో ఆవిడే మరొకరితో కలిసి చేసిన పరిశోధనలో దీనికి తేలికైన మందు కూడా దొరికింది: పని ఆపేటప్పుడు ఎక్కడ ఆపాను, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలి అని ఓ నిమిషం పాటు రాసిపెట్టుకోవడం. అప్పుడు మనసు దాన్ని మోసుకు తిరగదు.

సమయం విషయానికొస్తే, ఎనిమిది గంటలు కదలకుండా కూర్చోవడాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అన్న పొమొడోరో పద్ధతి మొదలుపెట్టడానికి బాగుంటుంది, కానీ కోడ్ బాగా నడుస్తున్నప్పుడు టైమర్ మోగిందని ఆపేయాల్సిన అవసరం లేదు. విరామంలో మాత్రం ఫోన్ తీయకండి, లేచి నడవండి, నీళ్లు తాగండి. రోజుకు ఇలాంటి ఇరవై ఐదు నిమిషాల విడతలు ఆరు గట్టిగా జరిగితే ఇప్పటి మీ రెండు గంటలకంటే ఎక్కువ పనే బయటికి వస్తుంది. రాత్రి నిద్ర ఏడు గంటలకు తగ్గుతుంటే ఇవేవీ సరిగా పనిచేయవు, అది ముందు సరిచేసుకోండి.

ఆఫీసు చాట్ గురించి మీరు రాయలేదు కానీ అదీ ఉండే ఉంటుంది. మెసేజ్‌లు ఏయే సమయాల్లో చూస్తారో టీమ్ లీడ్‌కి ఒకసారి చెప్పి, అర్జెంట్ అయితే కాల్ చేయమనండి. అభ్యంతరం చెప్పేవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లకు కూడా అంతే, ఏ గంటలు పిలవకూడదో ముందే చెబితే అర్థం చేసుకుంటారు, పని మధ్యలో విసుక్కుంటే మాత్రం గొడవే.

ఒక్క విషయం మాత్రం సీరియస్‌గా గమనించండి. చిన్నప్పటి నుంచే, ఇష్టమైన పనుల్లో కూడా, బడిలో ఇంట్లో ఎక్కడైనా ఇలాగే ఉందంటే అది ఏడీహెచ్‌డీ (చిన్నప్పటి నుంచే ఏకాగ్రత, నిలకడ కుదరనివ్వని ఒక సమస్య) కావచ్చు, సైకియాట్రిస్ట్‌ని కలవండి, దానికి మంచి చికిత్స ఉంది. ఈమధ్యే మొదలై, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కూడా తోడైతే అప్పుడూ ఆలస్యం చేయొద్దు.

లేదంటే మూడు వారాలు ఇలా పనిచేసి చూడండి. దారి స్పష్టంగా ఉన్న రోజుల్లో కూర్చోగలుగుతున్నారంటే రంగం మీకు సరిపోయిందనే లెక్క, మీకు కావాల్సింది నేర్పేవాళ్లూ ఇంకాస్త అనుభవమూ. ఏం చేయాలో పూర్తిగా తెలిసి, ఫోన్ దూరంగా ఉండి, నిద్ర సరిపోయి కూడా ఆ డేటా వైపు చూడాలనిపించట్లేదంటే అప్పుడు రాయండి, ఆ కాగితాలు కూడా దగ్గర పెట్టుకోండి, ఏ కోర్సు బాగుంటుందో వాటిని చూసి మాట్లాడుకుందాం.