రిజిస్టరు మాత్రం పెట్టకు

చి. అమ్మలూ,

మీ ఆఫీసంతటా ఓకేఆర్ పద్ధతి, అంటే లక్ష్యాలూ వాటిని చేరామో లేదో కొలిచే ఫలితాలూ ముందే రాసుకునే పద్ధతి, ప్రవేశపెట్టే బాధ్యత నీకే అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు ఒక్క విభాగంలో మొదలుపెట్టు. పైవాళ్ల అనుమతి కాగితం మీద తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది నా క్వాలిటీ సర్కిల్ భాగోతం. 1962లో జపాన్‌లో పుట్టిన ఆ పద్ధతి మీద మూడు రోజుల శిక్షణకు వెళ్లి, వేదం చదివినవాడిలా తిరిగొచ్చాను. పనివాళ్లు వారానికో గంట కూర్చుని తమ ఇబ్బందులకు తామే మార్గం చెప్పాలి. మొదట్లో నిజంగానే చెప్పారు. గోడ దగ్గరున్న స్పానర్ల బీరువాను యంత్రం పక్కకు జరపమన్నాడు ఒక ఫిట్టరు. జరిపాం. రోజంతా అటూ ఇటూ తిరిగే తిరుగుడు తప్పింది. ఆరేళ్లుగా ఆ బీరువా ముందు నుంచే నడిచే నాకు అది తట్టనే లేదు.

అక్కడితో ఊరుకున్నానా! హెడ్డాఫీసుకు చూపించుకోవాలన్న యావతో ఫారం తయారుచేశాను: నెలకు ఎన్ని సమావేశాలు, ఎన్ని సూచనలు. అంతే, ఒక్క సూచన మూడు ముక్కలై మూడు గళ్లలో కూర్చుంది. గళ్లు నింపడానికి గుమాస్తా, గుమాస్తా మీద సమన్వయకర్త, ఆయనకో గది. నాకు పదోన్నతి వచ్చింది, వెళ్లిపోయాను.

తొమ్మిదేళ్ల తర్వాత తనిఖీకి వెళితే ఆ సమావేశాల హాజరు రిజిస్టరే నా ముందు పెట్టారు. వారం వారం ఎనిమిది సంతకాలు, అన్నీ ఒకే సిరా, ఒకే వాలు. మూడోది ఆ ఫిట్టరుది. ఆయన రిటైరై అప్పటికి రెండేళ్లు. ఆ పద్ధతిని నమ్మేవాళ్లు ఒక్కరూ లేరు, ఆపేవాళ్లూ లేరు. ఆపాలంటే ఒక గది ఖాళీ చేయించాలి, ఒకరి కుర్చీ లాగేయాలి. నిన్నటి వేలంవెర్రి ఆనవాయితీ అయి కూర్చునేది అలాగే. తనిఖీ అధికారిగా కింద నేనూ సంతకం పెట్టి వచ్చాను.

ఇక నీ ఓకేఆర్ సంగతి. చిప్‌ల కంపెనీ ఇంటెల్‌లో దాని అధినేత ఆండీ గ్రోవ్ పెంచిన ఆ పద్ధతిని జాన్ డోయర్ అనే పెట్టుబడిదారు 1999లో గూగుల్‌కు పట్టుకెళ్లాడు. గూగుల్ చేసింది కాబట్టి మనమూ అంటే సరిపోదు. ఏ రోగానికి ఈ మందు అని మీ మేనేజరును అడుగు. లక్ష్యాల చిట్టా ఒక్కదాన్నే చూసి మనిషి పనితీరు తేల్చవద్దని గ్రోవే అన్నాడు. జనం ముందుగా మరిచిపోయేది అదే. ఆరు నెలల తర్వాత ఎత్తేయాలో ఉంచాలో తేల్చే తేదీ ఇప్పుడే రాసిపెట్టు.

మందలించానని అలగకు. భోజనం మానేసి పట్టికలు గీస్తున్నావట, ఆ పని చేయకు. ఫారం నమూనా తయారైతే నాకు పంపు. ఎన్ని గళ్లున్నాయో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న