పక్కింటి సెప్టిక్, మా తాగునీటి బోరు

ప్రశ్న: మసాచుసెట్స్‌లో ఉంటున్నామండీ. పక్కింటివాళ్లు కొత్త సెప్టిక్ ట్యాంకుకి నిబంధనల నుంచి మినహాయింపు కోరుతూ టౌన్ హెల్త్ బోర్డుకి వెళ్తున్నారని నోటీసొచ్చింది. మా బోరు దగ్గర్లోనే ఉంది. మా అభ్యంతరం వింటారా?

జవాబు: తప్పకుండా. సమావేశానికి కనీసం 10 రోజుల ముందు ఇరుగుపొరుగుకి సర్టిఫైడ్ మెయిల్‌లో తెలపాలని టైటిల్ 5 (మసాచుసెట్స్ రాష్ట్ర సెప్టిక్ నియమావళి) నిబంధనల్లో ఉన్నదే అందుకు. అయితే "భయంగా ఉంది" అంటే బోర్డు ఏమీ చేయలేదు, కొలతలు చెప్పండి. బోరుకి ట్యాంకు 50 అడుగులు, మురుగునీరు నేలలోకి ఇంకే చోటు 100 అడుగుల దూరంలో ఉండాలి. ముందే బోర్డు ఆఫీసులో ప్లాను అడిగి చూడండి. ఒక్కోసారి పక్కవాళ్ల బోరు అందులో గుర్తించే ఉండదు, అసలు చిక్కంతా అక్కడే! టేపు పట్టి కొలిచి, ఫొటో జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. మురుగునీరు ఇంకే ఆ చోటు అడుగుభాగానికీ భూగర్భజల గరిష్ఠ మట్టానికీ మధ్య 4 అడుగులు, చకచకా ఇంకే ఇసుకనేలైతే 5 అడుగులు ప్లానులో చూపారా అన్నదీ గమనించండి.