ప్రమాణం చేసే ముందు, బిడ్డా

బిడ్డా,

నీ ఫోన్ వచ్చిన కాంచి మీ బాపు, నేను ఇదే ముచ్చట. గ్రీన్ కార్డుకు ఐదేండ్లు నిండినయి, అమెరికా పౌరసత్వం తీసుకుంట, మనది కూడా ఉంచుకుంట అన్నవు. అట్ల కుదరదు. అమెరికా రెండూ ఉంచుకోనిస్తది గానీ మన దేశం ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ చూడు. అక్కడ నువ్వు పౌరసత్వ ప్రమాణం చేసినవంటే ఇక్కడి పౌరసత్వం దానంతట అదే పోతది. నోటీసు రాదు, ఎవరూ ఫోన్ చెయ్యరు. పాత పాస్‌పోర్టుకు గడువున్నది కదా అని దాంతోనే శంషాబాద్‌ల దిగితే నేరమైతది.

ఆ పాస్‌పోర్టును అక్కడి మన కాన్సులేట్‌ల అప్పజెప్పి సరెండర్ సర్టిఫికెట్ తీసుకో. క్యాన్సిల్ ముద్ర కొట్టి మళ్లా నీకే ఇస్తరు, పారెయ్యకు. తర్వాత ఓసీఐ కార్డుకు, అంటే విదేశీ పౌరులైన మనోళ్లకు మన సర్కారు ఇచ్చే కార్డుకు, పెట్టుకో. అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా. బతుకమ్మకు వచ్చి ఉగాది దాక ఉన్నా ఎవరూ అడగరు. ఓటు మాత్రం ఉండదు.

ఇగ భూమి సంగతి. పరకాల దిక్కున్న పత్తి చెల్క నీ పేరు మీద గిఫ్ట్ డీడ్ చేస్తనని మీ బాపు స్టాంపు పేపర్ల దాక పోయిండు. నేనే ఆపిన. ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, నిబంధనల ప్రకారం ఎన్నారై వ్యవసాయ భూమి కొనరాదు, గిఫ్టుగా కూడా తీసుకోరాదు. అంటే నువ్వు పౌరసత్వం మార్చుకోకున్నా ఇయ్యాల కూడా అది చెల్లదు. వారసత్వంగా వస్తే మాత్రం అడ్డు లేదు, రేపు ఓసీఐ అయినా సరే. అమ్మాల్నంటే ఇక్కడ మన దేశంల ఉండేటోళ్లకే అమ్మాలె. ఇక్కడ ఉన్నప్పుడే నీ పేరు మీద అయిన ఎకరం ఎటూ పోదు. హన్మకొండల ఇల్లు, ఫ్లాటు అయితే కొనొచ్చు, గిఫ్టుగా కూడా తీసుకోవచ్చు.

నా మాట అడిగినవు కాబట్టి చెప్తున్న. అమ్మను, బాపును గ్రీన్ కార్డు మీద అక్కడికి తీస్కపోవాల్నంటే పౌరసత్వం కావాలె. అది న్యాయమైన కారణం, తీసుకో. ఎయిర్‌పోర్టుల లైను తక్కువుంటదని అయితే వద్దు. గ్రీన్ కార్డు పదేండ్లకోసారి రెన్యూవల్ చేసుకుంటూ భారతీయురాలిగనే ఉండొచ్చు. ఎన్నారై ఓటర్ల ఫారం 6ఏ పెట్టుకుంటే ఊర్లె ఓటు కూడా ఉంటది, కాకపోతే పోలింగ్ బూత్ దాక నువ్వే రావాలె. మార్చుకున్నంక మళ్లా వెనక్కి రావాల్నంటే తొవ్వ ఉన్నది గానీ పొడుగు. ఓసీఐ అయి ఐదేండ్లు కావాలె, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడ ఉండాలె, అమెరికాది వదులుకోవాలె.

అక్కడ ప్రమాణం నాడే పేరు కూడా మార్చుకోవచ్చంటరు. పెండ్లి ఇంటిపేరు పెట్టుకుంటే పట్టా పాసుబుక్కుల పేరు ఒకటి, అమెరికా పౌరసత్వ సర్టిఫికెట్‌ల పేరు ఇంకొకటి అయితది, రేపు వారసత్వ భూమి నీ పేరు మీదికి మార్చే విరాసత్ అప్పుడు తహసీల్ ఆఫీసుల తిప్పలే. పాసుబుక్కు మొదటి పేజీ ఫోటో పంపుతున్న. నీ పాస్‌పోర్టు పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసి చెప్పు.

మీ పెద్దబాపు