ఆ పాటలు వినాలా, మానేయాలా?

“విడాకులై ఎనిమిది నెలలైంది. రాత్రి పాప పడుకున్నాక, ఒకప్పుడు ఇద్దరం కార్లో విన్న పాటలే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ మళ్లీ వింటున్నా, రెండింటిదాకా ఏడుపే. అమ్మ ఆ పాటలు ఆపెయ్ అంటోంది. వింటేనే తేలికవుతోందని నాకనిపిస్తోంది. ఏం చెయ్యను?” అని రాశారు.

ఏడిస్తే తప్పేం లేదండీ. ఇష్టపడే విడిపోయినా ఏడుపొస్తుంది. కాకపోతే పాట అయిపోయాక మీరేం చేస్తున్నారో ఒకసారి గమనించుకోండి. ఏడ్చి, మొహం కడుక్కుని పడుకోగలిగితే ఆ పాట మేలు చేసినట్టే. అలా కాకుండా అదే పాట పదోసారి పెట్టుకుని, ఆ రోజు నేనామాట అనకుండా ఉండాల్సిందని పాత గొడవలన్నీ తవ్వుకుంటూ కూర్చుంటే మాత్రం అది పుండు గోక్కోవడమే. రెండింటిదాకా మెలకువ అంటున్నారంటే మీది రెండో రకమేమోనని నా అనుమానం.

అలాగని రేపటినుంచి హుషారు పాటలు పెట్టుకోమని చెప్పను, దిగులుగా ఉన్నప్పుడు అవి వింటే ఒళ్లు మండుతుంది. మ్యూజిక్ థెరపీలో ఐసో ప్రిన్సిపల్ అని ఒకటుంది, మనసు ఎలా ఉందో అలాంటి పాటతోనే మొదలుపెట్టి మెల్లగా దాన్ని పక్కకి తిప్పడం. ఓ ఆరు పాటలు పెట్టుకోండి. మొదటి రెండూ ఏడిపించేవే ఉండనివ్వండి, తర్వాత మాటల్లేని వేణువో వీణో, చివర్లో మీ పెళ్లికి ముందు, కాలేజీ రోజుల్లో మీకిష్టమైనవి. రిపీట్ వద్దు. పదింటికల్లా అయిపోవాలి, ఫోన్ హాల్లోనే వదిలేసి పడుకోండి. ఇయర్‌ఫోన్స్ కాకుండా చిన్నగా స్పీకర్‌లో పెట్టండి, పాపం మీ అమ్మగారికి ఇన్నాళ్లూ మీ ఏడుపే వినిపిస్తోంది గానీ పాట వినిపించడం లేదు కదా.

కారు పాటలు కొన్నాళ్లు మీరుగా పెట్టుకోకండి. పాప అడిగితే మాత్రం పెట్టండి, దానికవి కారు పాటలే. వింటూ నాన్న మాటెత్తితే ఎత్తనివ్వండి.

రెండు వారాలు దాటినా నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, ఎప్పుడైనా సరే బతకడమెందుకు అనిపించినా పాటలతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఉత్తరం చివర్లో ఒక మాట రాసి వదిలేశారు, నాకైతే అదే ముఖ్యమనిపించింది. కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకుని, పెళ్లయ్యాక సాధన కుదరక మానేశానన్నారు. మళ్లీ మొదలుపెట్టండి, వర్ణంతో కాదు, మొట్టమొదట నేర్పే మాయామాళవగౌళ రాగంలోని సరళీ స్వరాలతో, రోజూ పావుగంట. పాడేటప్పుడు ఊపిరి నిదానంగా వదలాలి కాబట్టి ఒంట్లో టెన్షన్ కాస్త దిగుతుంది. ఆది తాళం ఎనిమిది లెక్కలూ చేత్తో వేస్తూ మూడో కాలం, అంటే నాలుగింతల వేగంలో పాడుతుంటే, మనసు కోర్టు వైపు వెళ్లిన మరుక్షణం తాళం తప్పుతుంది, మీకే తెలిసిపోతుంది. గొంతు బొంగురుగా వస్తుంది, రానివ్వండి. పాపకి ఏడేళ్లన్నారు కదా, పక్కన కూర్చోబెట్టుకోండి. తంబూరా కొనక్కర్లేదు, ఫోన్లో శ్రుతి యాప్ చాలు.