నెట్ అయానిక్ సమీకరణంలో ఏ అయాన్లు ఉంచాలి, ఏవి కొట్టేయాలి?

చర్యలో నిజంగా మారినవాటినే ఉంచి, రెండు వైపులా ఏ మార్పూ లేకుండా ఉన్న ప్రేక్షక అయాన్లను కొట్టేయాలి. ఎందుకంటే కరిగిన లవణం నీళ్లలో ఒక్కటిగా ఉండదు, వేర్వేరు అయాన్లుగా, అంటే ఆవేశమున్న కణాలుగా విడిపోతుంది, వాటిలో కొన్ని మాత్రమే చర్యలో కలుస్తాయి.

మన నల్లగొండలో అందరికీ తెలిసిన ఫ్లోరైడ్‌నే తీసుకోండి. సోడియం ఫ్లోరైడ్ ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం పోస్తే తెల్లటి అవక్షేపం (నీళ్లలో కరగక విడిపోయే ఘనపదార్థం) వస్తుంది, అది కాల్షియం ఫ్లోరైడ్. సోడియం, క్లోరైడ్ అయాన్లు ఎట్లున్నవి అట్లనే ఉంటాయి కాబట్టి మిగిలేది ఇంతే:

1 కాల్షియం అయాన్ (2+) + 2 ఫ్లోరైడ్ అయాన్లు (1−) → ఘన కాల్షియం ఫ్లోరైడ్

ఎడమవైపు మొత్తం ఆవేశం సున్నా, కుడివైపూ సున్నా. (నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిలో కలిపేది పటిక, సున్నం. అది వేరే చర్య, దీంతో కలపొద్దు.)

పరమాణువులు సరిపోతే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు, ఆవేశం కూడా సరిపోవాలి. అది సున్నానే కానక్కర్లేదు, రెండు వైపులా సమానంగా ఉండాలి, అంతే. ఇంకా పెద్ద పొరపాటు అవక్షేపాన్ని కూడా అయాన్లుగా విడగొట్టడం. అలా చేస్తే రెండు వైపులా అన్నీ కొట్టుకుపోయి అసలు సమీకరణమే మిగలదు.